పటేల్ షాట్, బానిస షాట్, సంఘం షాట్

(మన కళల చరిత్ర – 6)



కిందటి భాగంలో డప్పు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కెమెరా గురించి.

నిజామాబాద్‌లో ఇప్పుడు ఏ డిగ్రీ కాలేజీకి పోయినా షార్ట్ ఫిల్మ్ తీసిన పిల్లలు ఒక గుంపైనా దొరుకుతారు. వాళ్లలో మన పిల్లలు చాలామంది ఇంట్లోనే తీస్తారు. అమ్మే నటి, తమ్ముడే కెమెరామన్, మిద్దె మీదనే క్లైమాక్స్. ఎడిటింగ్ ఫోన్లోనే. ఎంత ఖర్చయింది అని అడిగితే "అందరికీ బిర్యానీ తెచ్చినం మేడం, అంతే" అంటారు. పైసలు లేకుండా బొమ్మ తీయడం యూట్యూబ్‌తో పుట్టిందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. పైసలు లేకుండా కథ కట్టి, వేషం వేసి, జనం ముందు నిలబెట్టిన చరిత్ర మనకు తరతరాలుగా ఉంది. కెమెరా పట్టిన చరిత్ర కూడా యూట్యూబ్ కన్నా పాతదే. ఆ చరిత్ర తెలియకపోతే ఫోన్ మన చేతిలో ఉన్నా, దాని చూపు మాత్రం దొరదే అవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పేది ఇదొక్కటే.

ముందు బోధన్ నుంచి మొదలుపెడదాం.

బోధన్ అనగానే అందరికీ యాదికొచ్చేది నిజాం షుగర్ ఫ్యాక్టరీ. మంజీర మీద నిజాంసాగర్ కట్టారు, కాలువ వచ్చింది, చెరుకు వచ్చింది, 1937లో శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆ కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఈ కథ అందరూ రాశారు. అదే బోధన్ మండలంలో అమ్దాపూర్ అనే ఊరుంది. అక్కడ చిందు ఎల్లమ్మ ఉండేది. ఈ కథ ఎంతమందికి తెలుసు?

చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. ఏ కుటుంబానికి ఏ ఊళ్ల మీద మిరాసీ హక్కు ఉందో ఆ కుటుంబం ఆ ఊళ్లకు పోయి మాదిగవాడలో ఆడాలి. జాంబపురాణం ఆడతారు. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుడి కథ అది. అందులో జాంబవుడు బ్రాహ్మణుడితో కులం మీద వాదిస్తాడు, ఎవరు ముందు, ఎవరు గొప్ప అని నిలదీస్తాడు. పుస్తకాల్లో మనకు చోటివ్వని కాలంలో, వాడ నడుమ, మనవాళ్ల ముందు, మన మూలపురుషుడు అట్లా మాట్లాడేవాడు.

ఇప్పుడు వాళ్ల 'ప్రొడక్షన్' ఎట్లా ఉండేదో చూడండి. నటులంతా ఒకే ఇంటివాళ్లు. తాత, మనవరాలు, అత్త, కోడలు. కిరీటాలూ భుజకీర్తులూ తేలికైన పొనికి కర్రతో చేసినవి. ముఖానికి అర్దళం. స్టేజీ అంటే వాడలో ఊడ్చి నీళ్లు చల్లిన నేల. ఆడవాళ్ల వేషాలు కూడా మగవాళ్లే కట్టే భాగవతాలు చుట్టూ నడుస్తున్న రోజుల్లో, చిందు మేళంలో ఆడవాళ్లు ఆడారు. ఎల్లమ్మ మగ వేషాలు సైతం కట్టింది. 2005లో ఆమె కన్నుమూసింది.

ఇంటిల్లిపాది కలిసి, ఇంట్లో ఉన్న సామానుతో, ఇంటి పక్క జనం కోసం. షార్ట్ ఫిల్మ్ తీస్తున్న నా విద్యార్థులకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీ అమ్మతో నటింపజేయడం పేదరికం వల్ల వచ్చిన సర్దుబాటు అనుకోకండి. అది చిందు మేళం పద్ధతి.

ఇక సినిమా వైపు చూద్దాం. బోధన్‌లో ఫ్యాక్టరీ వచ్చిన మరుసటి ఏడాది, 1938లో, మద్రాసులో 'మాలపిల్ల' విడుదలైంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. తీసిన సంస్థ సారథి ఫిలిమ్స్, దాని వెనక చల్లపల్లి జమీందారు. మాలపిల్ల పాత్ర వేసింది అప్పటి పెద్ద తార కాంచనమాల. ఆ కాలానికి అది ధైర్యమైన సినిమా. కాదనను. కానీ లెక్క చూడండి. కథ మనది. డబ్బు జమీందారుది. కెమెరా, కలం, ముఖం ఏదీ మనది కాదు. మలయాళంలో తొలి మూకీ 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ యువతి పాత్ర వేసింది. దానికి ఆమె మీద దాడులు జరిగాయి, ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. మన వేషం వాళ్లు వేస్తే సంస్కరణ, వాళ్ల వేషం మనం వేస్తే నేరం. దక్షిణాది సినిమా మొదటి అడుగుల్లోనే ఈ రెండు సంగతులూ ఉన్నాయి.

తెలంగాణ విషయానికి వస్తే 'మాభూమి' ఉంది, బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' ఉంది. గడీలో ఆడబాపగా బతికిన పిల్ల కథను అంత నిశ్శబ్దంగా, అంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పలేదు. ఆ సినిమా మీద నాకు గౌరవం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. దాసి కథను దాసి తీస్తే కెమెరా ఎక్కడ పెట్టేది?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. దీనికి జవాబు తెలంగాణ గడ్డ మీదనే దొరికింది. మనకు దక్షిణాన, మంజీర అవతలి జహీరాబాద్‌లో.

అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా మహిళా సంఘాలు పెట్టింది. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. చిన్నచిన్న కమతాలు, జొన్నలు, సామలు, కొర్రలు పండించేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు టెలివిజన్‌లో పనిచేసిన మనిషి. మా గురించి ఎవరో వచ్చి తీసుకుపోవడం కాదు, మేమే తీసుకుంటాం అనే మాట సంఘంలో లేచింది. 1990ల చివర కొందరు స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. కెమెరా మీద ఇంగ్లీషు అక్షరాలను బొమ్మల్లాగా గుర్తుపెట్టుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పేరుతో సొంత మీడియా సంస్థగా నిలబడ్డారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటి వాళ్లు ఆ పని గురించి విదేశాల వేదికల మీద కూడా మాట్లాడారు. 2008లో మాచునూరు నుంచి సంఘం రేడియో మొదలైంది. మైకు వెనక 'జనరల్' నర్సమ్మ, ఇంకో నర్సమ్మ. దేశంలో ప్రభుత్వ సంస్థలో, యూనివర్సిటీలో కాకుండా జనమే నడిపిన మొదటి రేడియోల్లో అది ఒకటి. నడిపింది దళిత ఆడపిల్లలు.

కెమెరా నేర్చుకునేటప్పుడు ఆ స్త్రీలు చేసిన ఒక పని గురించి తెలుగు సాహిత్యం చదువుకున్న మనిషిగా నేను చాలాసార్లు ఆలోచించాను. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అనే మాటలు వాళ్లకు అక్కర్లేకపోయాయి. సొంత పేర్లు పెట్టుకున్నారు.

పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. పటేల్ అరుగు మీద నిలబడి కింద ఉన్నవాళ్లను అట్లాగే చూస్తాడు.

కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. జీతగాడు పటేల్‌ను అట్లాగే చూస్తాడు.

కంటికి కన్ను ఎదురుగా పెట్టి చూసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక.

మూడే మూడు పేర్లు. సినిమా సిద్ధాంతం పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే సంగతిని పొలం పని చేసుకునే ఆడవాళ్లు మూడు మాటల్లో చెప్పేశారు. ఎందుకు చెప్పగలిగారు? ఆ మూడు చూపులూ వాళ్ల మెడలకు తెలుసు. తల ఎప్పుడు వంచాలో, ఎప్పుడు ఎత్తకూడదో ఊరు నేర్పింది. తల నిటారుగా పెట్టి మాట్లాడే చోటు సంఘం ఒక్కటే అయింది.

ఆ పేర్లు చేతిలో పెట్టుకుని ఇప్పుడు తెలుగు సినిమా చూడండి. హీరో ఎంట్రీలో కెమెరా ఎక్కడ ఉంటుంది? నేల మీద. ముందు బూటు కనిపిస్తుంది, తర్వాత మోకాలు, తర్వాత ఆకాశం నిండా హీరో. 'ఎలివేషన్ షాట్' అని ముద్దుగా పిలుచుకుంటాం. జహీరాబాద్ స్త్రీల భాషలో దాని పేరు బానిస షాట్. థియేటర్లో కూర్చున్న మనందరినీ ఒక నిమిషం పాటు బాంచెన్ అనే ఎత్తులో కూర్చోబెట్టే షాట్ అది. దానికి మనమే ఈలలు వేస్తాం. అదే సినిమాలో కూలోళ్లను, వాడను చూపించాల్సి వస్తే కెమెరా క్రేన్ ఎక్కుతుంది, ఇప్పుడైతే డ్రోన్ ఎక్కుతుంది. పటేల్ షాట్.

మన పిల్లలు ఫోన్ పట్టుకుని మొదట తీసేది ఏంది? స్లో మోషన్‌లో, కిందినుంచి పైకి, బుల్లెట్ బండి మీద హీరో. బండి కూడా ఎవరినో అడిగి తెచ్చుకున్నదే ఉంటుంది. వాళ్లను నేను నిందించను. చూసింది అదే గనుక తీసేదీ అదే. అందుకే చరిత్ర చెప్పాలి.

జహీరాబాద్ స్త్రీలు పేర్లు పెట్టి ఊరుకోలేదు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ సీజన్ నుంచే వాళ్లు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా రైతుల చేలల్లోకి పోయారు. ఒక రోజు పోయి బైట్ తీసుకుని వచ్చేయలేదు. విత్తనం పెట్టిన నాటినుంచి పత్తి ఏరే దాకా మళ్లీ మళ్లీ పోయారు. మొదట ఆశగా మాట్లాడిన రైతే కొన్ని నెలల తర్వాత ఏమంటున్నాడో అదే కెమెరా ముందు చెప్పాడు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకు అనే ప్రశ్ననే పేరుగా పెట్టి 2003లో ఆ సినిమా బయటికి తెచ్చారు. ఇంకో రెండేళ్లకు, మూడు సీజన్ల లెక్క తేల్చే రెండో సినిమా తీశారు. అవి ఇతర దేశాల భాషల్లోకి పోయాయి. బీటీ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. పద్ధతి చూడండి. పెద్ద చానెల్‌కు స్టూడియో ఉంది, ఓబీ వ్యాన్ ఉంది, ఒక చేను దగ్గర ఏడాది పాటు ఉండే ఓపిక లేదు. ఆ స్త్రీలకు ఓపిక ఉంది, పంట భాష తెలుసు, రైతు ఎదురుగా గట్టు మీద కూర్చునే అలవాటు ఉంది. డబ్బు చేయలేని పనిని వాళ్ల దగ్గరున్నవి చేశాయి.

పక్క రాష్ట్రంలో ఇంకో మనిషి ఇదే దారిలో నడిచాడు. నాగరాజ్ మంజులే. షోలాపూర్ జిల్లా జేవూరు. వడార్ సమాజం, అంటే మన వడ్డెరలు. అహ్మద్‌నగర్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతూ 'పిస్తుల్యా' అనే షార్ట్ ఫిల్మ్ తీశాడు. బడికి పోవాలనుకునే పిల్లాడి కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత 2013లో 'ఫాండ్రీ'. దాని చివర పందులు పట్టే ఇంటి పిల్లాడు జబ్యా రాయి తీసి విసురుతాడు, అది నేరుగా కెమెరా మీదికే వస్తుంది. ఇన్నాళ్లూ పైనుంచి చూసిన చూపు మీద పడ్డ రాయి అది. ఒక విద్యార్థి సినిమా లేకపోతే ఆ రాయి లేదు.

ఇక ఇప్పటి సంగతి. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో 'మై విలేజ్ షో' మొదలైంది. శ్రీకాంత్ శ్రీరామ్, అనిల్ జీల, తర్వాత గంగవ్వ. కూలి పనికి పోయిన, బీడీలు చుట్టిన గంగవ్వ అరవై దగ్గరపడుతున్న వయసులో కెమెరా ముందుకొచ్చింది. ఆమె యాసను సరిచేయాలని ఎవరూ అనుకోలేదు. అదే యాసను అప్పటిదాకా తెలుగు సినిమా విలన్ పక్కన ఉండే కమెడియన్‌కు ఇచ్చింది. 2023లో 'బలగం' జనాన్ని ఏడిపించింది. ఆ ఏడుపు తెప్పించింది ఎవరు? చివర్లో కథ చెప్పిన బుడగజంగాల దంపతులు, పస్తం మొగిలయ్య, కొమురమ్మ. కోట్ల పరిశ్రమ కూడా గుండె కదిలించాలంటే ఊరూరా తిరిగి కథ చెప్పే కులం దగ్గరికే రావాల్సి వచ్చింది. మొగిలయ్య 2024 డిసెంబరులో మనల్ని విడిచిపోయాడు.

ఇంట్లో తీయడం గురించి ఇంకో మాట చెప్పాలి. 'మీ సినిమాల్లో లొకేషన్లు ఉండవు, అంతా ఇంట్లోనే తీస్తారు' అని మన పిల్లలను కాలేజీ పోటీల్లో జడ్జీలు అంటుంటారు. బోధన్ వైపు ఒక ఊళ్లో నా విద్యార్థులు పాత గుడి మెట్ల దగ్గర ఒక సీన్ తీద్దామని పోయారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "మీ వాడలో తీసుకోరాదుర్రా, అక్కడ జాగ లేదా" అన్నారు, అంతే. పిల్లలు తిరిగొచ్చి ఇంట్లోనే తీశారు. ఊరి నడుమ రావిచెట్టు, గడీ గోడ, పెద్దింటి వాకిలి సినిమావాళ్లకు లొకేషన్లు. బాన్సువాడ పల్లెల్లో 'ఫిదా' తీసినప్పుడు ఊరంతా పండుగ. అదే జాగలో వాడ పిల్లాడు ఫోన్ నిలబెడితే 'ఎవలి పిల్లగాడు?' అనే ప్రశ్న వస్తుంది. లొకేషన్ పర్మిషన్ కూడా కులం లెక్కే. కాబట్టి మన షార్ట్ ఫిల్మ్ ఇంట్లో పుట్టడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు.

అయితే ఇల్లు తక్కువ చోటేం కాదు. నిజామాబాద్ జిల్లాలో ఎన్ని ఇండ్లలో బీడీల చాట ఉందో మీకు తెలుసు. తునికాకు, తంబాకు, దారం, కత్తెర. అమ్మ గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, టీవీ చూస్తూ కూడా చూడకుండానే చుట్టే వేళ్లు. ఆ వేళ్లను ఏ పెద్ద సినిమా ఐదు నిమిషాలు ఆగి చూడలేదు. చూడాల్సింది మనమే.

ఇక్కడే ఎత్తు సంగతి వస్తుంది. అమ్మ నేల మీద కూర్చుంటుంది. కొడుకు నిలబడి ఫోన్ పట్టుకుంటాడు. తెలియకుండానే అది పటేల్ షాట్ అయిపోతుంది. కన్నకొడుకే తీసినా సరే. కాబట్టి నా విద్యార్థులకు చెప్పేది చాలా చిన్న సంగతి. ట్రైపాడ్ కొనకండి. పీట వేసుకుని అమ్మ ఎదురుగా కూర్చోండి. బియ్యం సంచి మీద ఫోన్ ఆనించండి, చెయ్యి వణకదు. పొద్దున తలుపు తెరిచి, ఆ వెలుగు ముఖానికి పక్కనుంచి పడేట్టు కూర్చోబెట్టండి. రెండో వైపు నీడ ఎక్కువైతే తెల్ల పంచె దండెం మీద వేయండి. ఫ్యాన్ బంద్ చేయండి. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. కాబట్టి ఇంకో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అమ్మ పక్కన, బొమ్మలో కనబడకుండా పెట్టండి. షాట్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత ఆ గొంతును బొమ్మతో కలపడం సులువు. వీటిలో ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు.

ఖర్చు కానిది ఇంకోటి ఉంది, అది అన్నిటికన్నా కష్టం. తీసింది మొదట ఎవరికి చూపిస్తారు? యూట్యూబ్‌కా, అమ్మకా? ఎవరిని తీశామో వాళ్లకు ముందు చూపించండి. వాడలో గోడకు తెల్ల బట్ట కట్టి చూపించండి. వద్దన్న ముక్క తీసేయండి. మన బాధను మనమే వ్యూస్ కోసం అమ్ముకుంటే మనకూ పాత సినిమాకూ తేడా ఏముంది? ఇంకో పని, ప్రతి ఫైలుకు మనిషి పేరు, ఊరు, తారీఖు రాసి రెండు చోట్ల దాచండి. ఫోన్ పోతుంది, పగులుతుంది. దానితోపాటు ఒక గొంతు పోకూడదు.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే కారణం ఉంది. నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతికిచ్చారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. పదేళ్లు. ఎవరు మూశారు, ఎవరు తెరిపిస్తామన్నారు అనే వీడియోలు దండిగా ఉన్నాయి, అన్నీ నాయకుల ప్రసంగాలు. చెరుకు కొట్టిన చేతులు, బండ్లకెత్తిన భుజాలు, బాయిలర్ల దగ్గర కాలిన ఒళ్లు మాట్లాడిన వీడియోలు ఎన్ని ఉన్నాయి? ఆ మనుషులు శక్కర్‌నగర్‌లో, చుట్టూ ఊళ్లలో ఇంకా ఉన్నారు. ముసలివాళ్లయ్యారు. జాంబపురాణం మొత్తం నోటికి వచ్చిన చిందు పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగులుతున్నారు. ఎల్లమ్మ ఆడిన రాత్రులన్నీ ఎవరూ కెమెరాలో పట్టలేదు. అప్పుడు కెమెరా మన దగ్గర లేదు అనే జవాబైనా ఉంది. ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. రేపు మన పిల్లలు అడిగితే ఏం జవాబు చెబుతాం?

ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక్క పని చేయండి. మీ ఇంట్లో, మీ వాడలో అందరికన్నా పెద్ద మనిషి దగ్గరికి పోండి. ఆ మనిషి ఎంత ఎత్తులో కూర్చుంటే అంత ఎత్తులో కూర్చోండి. ఏం పని చేశావు అవ్వా, ఎట్లా నేర్చుకున్నావు, కూలి ఎంత ఇచ్చేటోళ్లు అని అడగండి. మధ్యలో మాట అందుకోకండి. పది నిమిషాలు చాలు. కథ, హీరో, పాట ఆ తర్వాత చూసుకుందాం.

వచ్చే భాగంలో పెండ్లి వీడియోల గురించి. 1990ల్లో వాడకు మొదటిసారి వీడియో కెమెరా వచ్చినప్పుడు అది ఎవరిని చూపించింది, ఎవరిని వదిలేసింది అన్నది మాట్లాడుకుందాం.

జై భీమ్. జై సావిత్రీబాయి.